మారిషస్‌లో ఒక్క పూటే: ధోల్ పూరీయా, బోల్ రాన్వెర్సేనా?

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక్క పూటే తినే వీలుంటే నా ఓటు ధోల్ పూరీకే. అలాగని "మన పూరీయే కదా" అనుకుని వెళ్లకండి, దాన్ని నూనెలో వేయించరు, పెనం మీద కాలుస్తారు. బెల్లం వెయ్యని బొబ్బట్టు అంటే కాస్త దగ్గరగా ఉంటుంది. కాకపోతే బొబ్బట్టుకి పూర్ణం ముద్దగా ఉండాలి, ఇక్కడ పప్పు పలుకు మీదుండగానే దించి, నీళ్లు వార్చి, పసుపూ జీలకర్రా వేసి పొడిపొడిగా ఆడించి మైదాలో కూరతారు, వార్చిన ఆ నీళ్లు పారబొయ్యకుండా వాటితోనే పిండి కలుపుతారు.

పుట్టుక చూస్తే ఇది బీహారువాళ్ల దాల్ పూరీ, 1834 నుంచి చెరకు తోటలకి ఓడలెక్కిన కూలీలతో వెళ్లింది. ఆ ఓడల్లో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఎక్కారని మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగీలనేవారు, ఉగాదికి అక్కడ ఇప్పటికీ సెలవిస్తారు. అయినా ఈ పూరీ బీహారులో దొరికేదీ కాదు, మనదీ కాదు. లోపల పెద్ద చిక్కుడు గింజల కూరా కొత్తిమీర పచ్చడీ రాసి, ఆపైన రుగాయ్ వేస్తారు చూడండి, టమాటా, ఉల్లి, వెల్లుల్లితో పాటు ఫ్రెంచివాళ్ల థైమ్ ఆకు పడే క్రియోల్ కూర, ఆ వాసన తగిలాక ఇక అది మారిషస్‌దే. ఎప్పుడూ రెండు పూరీలు జతగానే ఇస్తారు. కాగితంలో చుట్టిస్తే నిలబడే తినాలి, రసం మోచేతి దాకా కారుతుంది, తెల్ల చొక్కా వేసుకెళ్లకండి.

అన్నం లేనిదే పూట గడవనివాళ్లకి మాత్రం చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల బోల్ రాన్వెర్సే. పేరుకి అర్థమే బోర్లించిన గిన్నె. అడుగున వేయించిన గుడ్డు, దానిమీద సోయా సాసులో చికెనూ ఆకుకూరా, ఆపైన అన్నం అదిమి, ప్లేటులో బోర్లిస్తారు, గిన్నె తియ్యగానే గుడ్డు నెత్తిన కూర్చుని ఉంటుంది. చూడ్డానికి తమాషాగా ఉంటుంది, కడుపూ నిండుతుంది, కానీ నాలుగో ముద్దకే నేను పచ్చిమిర్చి అడిగాను.

చేపలు తినేవాళ్లు విందాయ్ సంగతేంటంటారు. వేయించిన చేప ముక్కలకి ఆవముద్ద, పసుపు, వెల్లుల్లి, వెనిగర్ పట్టిస్తారు, మన ఆవపెట్టిన కూరలు తిన్న నోటికి వెంటనే నచ్చుతుంది. కానీ ఆవ ఊరాలి కదా, వండిన రోజుకన్నా మర్నాడే బాగుంటుంది. ఒక్క పూటలో తేలే పని కాదు.