ఏఏ మీటింగులకి చాలా ఏళ్లుగా వెళ్తున్నాను, నా అభిప్రాయం ఇదీ

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపులు. దాని గురించి ఎవరైనా మొదట అడిగేది ఎంత తీసుకుంటారని. ఏమీ తీసుకోరు. ఫీజు లేదు, ఫారం లేదు, ఆధార్ అడగరు, ఇంటిపేరు కూడా చెప్పక్కర్లేదు. మీటింగ్ మధ్యలోనో చివర్లోనో ఒక డబ్బా తిరుగుతుంది, హాలు అద్దెకీ టీకీ ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు, మొదటిసారి వచ్చినవాళ్లని మా గ్రూపులో వేయనివ్వరు. చేరడానికి ఉన్న షరతల్లా తాగుడు మానాలన్న కోరిక ఉండటమే. మానేశాకే రావాలన్న రూలేమీ లేదు.

గ్రూపు వెతుక్కోవడమే అసలు తలనొప్పి. హైదరాబాద్‌లో నేను వెళ్లిన మీటింగులు ఎక్కువగా చర్చి ఆవరణల్లో, స్కూలు గదుల్లో జరిగేవి, బయట చెప్పుకోదగ్గ బోర్డు ఉండదు. నెట్‌లో దొరికిన టైమింగ్స్ నమ్ముకుని వెళ్తే గేటుకి తాళం ఉండొచ్చు, నాకు అలాగే జరిగింది. అందుకని బయల్దేరే ముందు ఏఏ వాళ్లకి ఫోన్ చేయండి. ఎత్తేవాడు కూడా ఒకప్పుడు తాగి తాగి మానినవాడే, దారి చెప్పి గేటు దాకా వచ్చి నిలబడతాడు. చర్చి అనగానే మా అమ్మ మతం మారుస్తారేమోనని భయపడింది. ఆ గది వాడుకోవడం తప్ప చర్చికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన మాత్రం ఉంటుంది, అదీ ఎవరికి తోచిన దేవుడు వాళ్లకి. మా గ్రూపులో ఒక పాత కమ్యూనిస్టు ఉన్నాడు, తనని కాపాడే శక్తి ఆ గదిలో కూర్చున్న జనమేనంటాడు, ఎవరూ కాదనలేదు.

నాకు బాగా పనిచేసింది మాత్రం ఉపన్యాసాలూ పుస్తకాలూ కాదు, టైము. మా మీటింగు సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా. క్వార్టర్ కోసం చెయ్యి లాగే టైము సరిగ్గా అదే. ఆ గంటన్నర కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తర్వాత బైకుల దగ్గర ఇంకో అరగంట కబుర్లు చెప్పి పంపిస్తే, ఇంటికి చేరేసరికి ఆకలి మాత్రమే మిగిలి ఉంటుంది. మాట్లాడే పద్ధతి కూడా నచ్చింది: ఒకరు చెబుతుంటే మధ్యలో ఇంకొకరు దూరరు, సలహాలివ్వరు. మన ఇళ్లలో ఇలాంటిది ఊహించుకోగలమా!

ఇంకోటి స్పాన్సర్. అంటే మనకంటే ముందు మానేసి ఆ మెట్లన్నీ దాటినవాడు, మనకి ఫోన్‌లో దొరికేవాడు. పెళ్లిళ్ల సీజన్‌లో నా స్పాన్సర్‌కి నేను చేసిన ఫోన్లకి లెక్క లేదు. "అన్నా, ఇక్కడ అందరూ తాగుతున్నారు" అంటే "అన్నం తిన్నావా? ముందు తిను, తిని మళ్లీ చెయ్" అనేవాడు. అంతే, ఇంకేం చెప్పేవాడు కాదు. 1935లో అమెరికాలోని యాక్రన్‌లో బిల్ అనే స్టాక్ బ్రోకరూ బాబ్ అనే డాక్టరూ మొదలుపెట్టింది కూడా ఇదే పని, ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుతో మాట్లాడటం.

నచ్చనివీ ఉన్నాయి. కొందరు సీనియర్లు తాము తాగిన రోజుల్ని సినిమా కథలా వర్ణిస్తారు, అదే కథ, ప్రతి వారం. ఆడవాళ్లు చాలా తక్కువ కనిపిస్తారు, ఒక్కతే వచ్చిన అమ్మాయికి ఆ గది ఇబ్బందే. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, డాక్టర్ ఇచ్చిన మాత్రలు కూడా మత్తేనని, మానేయమని చెప్పాడు. వినకండి. సభ్యులు డాక్టర్ల పని చేయకూడదని ఏఏ వాళ్ల సొంత పుస్తకాల్లోనే ఉంది. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు, కాబట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మీటింగు ఆ తర్వాత. ఎవర్ని అడగాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి గానీ చేయొచ్చు, రెండూ ప్రభుత్వానివే.

ఇదంతా భజన వ్యవహారం అనుకునేవాళ్ల కోసం: 2020లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాల్ని కలిపి చూస్తే, ఏఏ వైపు నడిపించే చికిత్సలు పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా పేరున్న చికిత్సలకి తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగ్గానే ఉన్నాయి. అయినా అందరికీ పడుతుందని నేననను. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. నాకు ఇంగ్లీషు మీటింగులో నోరు పెగల్లేదు, తెలుగు గ్రూపులో ఆటో నడిపే ఆయన పక్కన కూర్చున్నాకే మాట వచ్చింది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే గ్రూపు ఉంది. మా ఆవిడ వెళ్లడం మొదలుపెట్టాక నా జేబులు వెతకడం మానేసింది.

కరోనా తర్వాత జూమ్ మీటింగులు బాగా పెరిగాయి, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న తెలుగువాళ్లకి, ఊళ్లో గ్రూపు లేనివాళ్లకి అవి పెద్ద ఆసరా. దగ్గర్లో గ్రూపు ఉన్నవాళ్లు మాత్రం మొదట్లో గదికే వెళ్లండి, జూమ్‌లో కెమెరా ఆపేసి గ్లాసు పట్టుకుని కూర్చున్నా అడిగేవాడు ఉండడు.