చిన్నపేగు రక్తస్రావానికి క్యాప్సూల్ పరీక్ష, బెలూన్ చికిత్స: మా నాన్నగారి అనుభవం

ఆరు నెలల పాటు మా నాన్నగారికి విరేచనం నల్లగా అవుతూ, హిమోగ్లోబిన్ 6కి పడిపోతూ ఉంటే, మా ఊళ్లో ఐరన్ మాత్రల వల్లే ఆ నలుపు అని తేల్చి, మూడుసార్లు రక్తం ఎక్కించి పంపారు. నోటి నుంచి కెమెరా గొట్టం పంపే ఎండోస్కోపీలో గాని, మలద్వారం నుంచి పంపే కొలనోస్కోపీలో గాని ఏమీ కనిపించలేదు. ఆ రెండు గొట్టాలూ చేరలేని చిన్నపేగులో రక్తం కారుతూ ఉండవచ్చని మొదట చెప్పింది హైదరాబాద్‌లో మేము చూపించుకున్న జీర్ణకోశ వైద్యశాలే.

అక్కడ రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న కెమెరా మాత్రను మింగించి, నడుముకు రికార్డరు కట్టి, రోజంతా మామూలుగా తిరగనిచ్చారు. చిన్నపేగు పైభాగంలో రెండు చోట్ల ఎర్రటి చుక్కల్లా ఉబ్బిన రక్తనాళాలు కనిపించాయి. వీటిని యాంజియోడిస్‌ప్లేసియా అంటారని, వయసు పైబడినవారిలోను, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలోను, గుండెలోని అయోర్టిక్ కవాటం ఇరుకైనవారిలోను ఎక్కువగా వస్తాయని చెప్పి, వైద్యుడు గుండెకు ఎకో పరీక్ష కూడా చేయించారు. పేగు జబ్బుకు గుండెను కూడా చూసిన ఆ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది.

నాలుగు రోజుల తర్వాత మత్తు ఇచ్చి, చిన్నపేగు లోపలిదాకా కెమెరా గొట్టాన్ని పంపే డబుల్ బెలూన్ ఎంటెరోస్కోపీ చేశారు. జపాన్ వైద్యుడు హిరోనోరి యమమోటో 2001లో వెల్లడించిన పద్ధతి ఇది. గొట్టానికీ, దాని మీది తొడుగుకూ ఉన్న బెలూన్లను మార్చి మార్చి ఉబ్బిస్తూ వెళ్తుంటే, లంగాకు బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ కుచ్చెళ్లు పడినట్టు పేగు గొట్టం మీద పోగుపడుతుంది. చుక్కల దగ్గరికి చేరాక ఆర్గాన్ వాయువు ద్వారా విద్యుత్తు పంపి వాటిని మాడ్చారు. చిన్నపేగు గోడ పలచన కనుక, లోతుకు పోకుండా పైపైనే కాల్చే ఈ విధానాన్ని ఎంచుకున్నామని వివరించారు. మూడో రోజు ఇంటికి వచ్చేశాము.

లోపం ఒకటి చెప్పక తప్పదు. క్యాప్సూల్ పరీక్షకు కొన్ని రోజుల ముందే ఐరన్ మాత్రలు ఆపాలన్న సూచన వారిచ్చిన కాగితంలో ఇంగ్లీషులో మాత్రమే ఉంది. అది తెలియక వేసుకుంటూనే వెళ్లాము. పేగులో నలుపు ఉంటే చిత్రాలు స్పష్టంగా రావని పరీక్షను వాయిదా వేశారు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని ఖమ్మం నుంచి రెండుసార్లు తీసుకువెళ్లవలసి వచ్చింది. దయచేసి ఆ కాగితాన్ని తెలుగులో ఇవ్వండి.

మరోచోట ఇలాంటి నాళాలు మళ్లీ కారవచ్చని, అప్పుడు రక్తస్రావాన్ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ల గురించి ఆలోచిద్దామని, నెలనెలా హిమోగ్లోబిన్ చూపించుకోవాలని వారు ముందే దాచకుండా చెప్పారు. ఐదు నెలలైంది. మొన్నటి పరీక్షలో 11.2 వచ్చింది, నాన్నగారు పొద్దున్నే చెరువు గట్టు దాకా నడిచి వస్తున్నారు.