చైల్డ్‌హుడ్ స్టడీసా, సైకాలజీయా, సోషియాలజీయా: ఏది మేలు?

పిల్లల గురించి యూనివర్సిటీలో చదవాలని ఉంది, డెవలప్‌మెంటల్ సైకాలజీలో చేరమంటారా, చైల్డ్‌హుడ్ అండ్ యూత్ స్టడీస్ తీసుకోమంటారా, లేకపోతే ముందు సోషియాలజీ చేసి తర్వాత పిల్లల వైపు తిరగమంటారా? ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఒకసారి రాసేయడం నయమనిపించింది. సిలబస్‌లు మీరు ఎలాగూ తిరగేసే ఉంటారు, వాటిని మళ్లీ అప్పజెప్పను.

పదేళ్ల పిల్లవాడు సంపాదన కోసం పనికి వెళ్తున్నాడనుకోండి. ఆ పని వాడి నిద్రను, జ్ఞాపకశక్తిని, తోటివాళ్లతో మెలిగే తీరును ఎలా మారుస్తోందని డెవలప్‌మెంటల్ సైకాలజీ అడుగుతుంది. ఏ వర్గం పిల్లలు పనికి వెళ్తున్నారు, ఎవరి పిల్లలు వెళ్లడం లేదని సోషియాలజీ అడుగుతుంది. అసలు పదేళ్లవాడు పని చేయకూడదన్న అభిప్రాయం ఎప్పుడు, ఎవరివల్ల స్థిరపడింది, దాని గురించి వాడేమంటున్నాడు అన్నవి చైల్డ్‌హుడ్ స్టడీస్ ప్రశ్నలు. ఈ మూడో రకానికి మంచి మచ్చు వివియానా జెలైజర్ 1985లో వెలువరించిన పరిశోధన. 1870 నుంచి 1930 దాకా అమెరికాలో పిల్లలు ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేవాళ్లుగా ఉన్నదల్లా, పైసా తేకపోయినా వెలకట్టలేని వాళ్లుగా ఎలా మారారో ఆవిడ పిల్లల బీమా, దత్తతలు, ప్రమాద మరణాల నష్టపరిహారం కేసులు తవ్వి చూపించింది. ఆవిడ సోషియాలజిస్టే, ఆ మాటా చెప్పాలి. శాఖల మధ్య గీతలు మనం అనుకున్నంత గట్టివేం కావు.

చైల్డ్‌హుడ్ స్టడీస్‌లో చేరినవాళ్లకు మొదట్లోనే ఫిలిప్ ఆరియెస్ ఎదురవుతాడు. మధ్యయుగాల్లో బాల్యమనే భావనే లేదని 1960లో వాదించిన ఫ్రెంచి చరిత్రకారుడు. తర్వాతివాళ్లు ఆ వాదనను చీల్చి చెండాడారు. లిండా పొలాక్ 1983లో, 1500 తర్వాతి నాలుగు శతాబ్దాల డైరీలు, ఆత్మకథలు ముందేసుకుని, తల్లిదండ్రులు పిల్లల్ని పట్టించుకోలేదన్నది ఒట్టిమాటని తేల్చింది. అయినా ఆరియెస్ లేవనెత్తిన ప్రశ్న మాత్రం పోలేదు: బాల్యంలో ఒంటి ఎదుగుదల ఎంత, ఆయా సమాజాలు కట్టుకున్నది ఎంత? 1990లో ఆలిసన్ జేమ్స్, అలన్ ప్రౌట్ ఈ ప్రశ్న చుట్టూ ఒక పద్ధతినే కూర్చారు. జవాబు తప్పినా ప్రశ్న నిలబడి దాని మీద ఒక శాఖ లేచిందంటే నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఇదంతా మాటల గారడీ, అంకెలుండవు అని కొందరి అనుమానం. డేనిష్ సోషియాలజిస్టు యెన్స్ క్వోర్‌ట్రుప్ వంటివాళ్లు పట్టుబట్టిన సంగతి చూస్తే ఆ అనుమానం తీరుతుంది. పిల్లల్ని కుటుంబాల లెక్కలో కలిపేయకుండా, పిల్లల్నే లెక్కపెట్టండని వాళ్ల వాదన. పది కుటుంబాలు తీసుకోండి. ఐదింటిలో ఒక్కో బిడ్డ, మిగతా ఐదింటిలో ముగ్గురేసి. కుటుంబాలను లెక్కిస్తే సగం ఇళ్లలో ఒంటరి బిడ్డలే. పిల్లల్ని లెక్కిస్తే మొత్తం ఇరవై మందిలో ఒంటరి బిడ్డలు ఐదుగురే, అంటే పావు వంతు. లెక్కలో తప్పేమీ లేదు, ఎవరి వైపు నుంచి లెక్కపెట్టారన్నదే తేడా. పేదరికం, ఇల్లు ఇరుకు, తల్లిదండ్రుల నిరుద్యోగం, దేన్ని తీసుకున్నా ఇదే తంతు. మామూలు సోషియాలజీ క్లాసులో పిల్లలు కుటుంబం పాఠంలో కొంత, బడి పాఠంలో కొంత కనిపించి, రేపటి పెద్దలుగా తయారవుతున్న వాళ్లుగా మిగిలిపోతారు.

సిద్ధాంతాలు సరే. నా మటుకు దీన్ని తేల్చేది వేరే విషయం: చదువు పూర్తయ్యేలోపు మీరు ఒక్క పిల్లనైనా, పిల్లవాణ్నైనా కలుస్తారా? కలిస్తే ఏ హోదాలో కలుస్తారు?

పిల్లల్ని ప్రశ్న అడగడం ఎంత చిక్కు పనో చెప్పడానికి సైకాలజీ నుంచే ఒక సాక్ష్యం తెస్తాను. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ సైకాలజిస్టు జాన్ పియాజే ప్రయోగం ప్రసిద్ధం. రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పెట్టి, ఒక వరుసను ఎడంగా జరిపి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడిగితే చిన్నపిల్లలు పొడుగు వరుసను చూపిస్తారు. సంఖ్య మారదన్న ఎరుక ఆ వయసుకు రాలేదని పియాజే తీర్మానం. 1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అదే ప్రయోగంలో ఒక్క మార్పు చేశారు. బిళ్లల్ని ప్రయోగం చేసే పెద్దమనిషి జరపడు, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చిందరవందర చేస్తుంది. అంతే, సరైన జవాబు చెప్పిన పిల్లలు బాగా పెరిగారు. పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి, అడిగిందే మళ్లీ అడిగారంటే మొదటి జవాబు నచ్చలేదు కాబోలు, మార్చి చెప్పాలి అని పిల్లలు అనుకోవడం సహజం. పిల్లలు బిళ్లలతో పాటు అడిగే మనిషిని కూడా చదువుతున్నారన్నమాట.

దీన్ని రెండు శాఖలూ చెరో రకంగా వాడుకుంటాయి. మంచి సైకాలజీ డిపార్ట్‌మెంటు ఈ పొరపాటు రాకుండా ప్రయోగాన్ని ఎలా అల్లాలో నేర్పుతుంది. ఆ నేర్పు చిన్నదేం కాదు. కోర్టుల్లో బాలసాక్షుల్ని ఎలా ప్రశ్నించాలి, ఏ ప్రశ్న జవాబును నోట్లో పెట్టేస్తుంది అన్న విషయంలో లోకానికి మేలు చేసింది ప్రధానంగా సైకాలజిస్టులే. చైల్డ్‌హుడ్ స్టడీస్ మాత్రం పెద్దకీ పిల్లకీ మధ్య ఉన్న ఆ పెత్తనాన్నే పరిశోధించాల్సిన విషయంగా ముందు పెడుతుంది. సోషియాలజిస్టు విలియం కోర్సారో నర్సరీ బడుల్లో ఫీల్డ్‌వర్క్ చేసిన తీరు ఇందుకు పాఠం. మిగతా పెద్దల్లా పిల్లల దగ్గరికెళ్లి ప్రశ్నలు గుప్పించకుండా, వాళ్లు ఆడుకునే చోట నేల మీద కూర్చుని, వాళ్లే వచ్చి పలకరించేదాకా ఊరుకున్నాడు. ఇటలీలో అతనికి వచ్చీరాని ఇటాలియన్ ఇంకా కలిసొచ్చింది. పిల్లలు అతని తప్పులకు నవ్వి, దిద్దడం మొదలుపెట్టారు. వాళ్ల కంటే తక్కువ తెలిసిన పెద్దమనిషి దొరకడం వాళ్లకు పండగే కదా!

ఈ ఓపిక పుస్తకం చదివితే రాదు, చేయాలి. చేయాలంటే అనుమతి కావాలి. అసలు చిక్కంతా ఇక్కడే. 18 ఏళ్ల లోపువాళ్లతో పరిశోధన అనగానే, పరిశోధనలో ఎవరికీ హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీలు జాగ్రత్త పడతాయి, పడాలి కూడా. బడి ఒప్పుకోవాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి, ఆపైన పిల్లలు తమంతట తాము సరేననాలి, మధ్యలో వద్దంటే ఆపేయాలి. ఇవన్నీ రోజూ చేసే డిపార్ట్‌మెంటులో ఫారాలు సిద్ధంగా ఉంటాయి, ఏ బడి ఎలా స్పందిస్తుందో గైడ్‌కు తెలుసు. అలవాటు లేని డిపార్ట్‌మెంటులో సులువైన జవాబు ఒకటే: డిగ్రీ విద్యార్థికి పిల్లలతో పని వద్దు. అప్పుడు ఏం చేస్తారు? టీచర్లను ఇంటర్వ్యూ చేస్తారు, తల్లుల్ని ఇంటర్వ్యూ చేస్తారు, పాతికేళ్లవాళ్లను కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు చెప్పమంటారు. పిల్లల గురించి డిసర్టేషన్ (డిగ్రీ కోసం రాసే పరిశోధన వ్యాసం) తయారవుతుంది, అందులో పిల్లలు ఉండరు. సోషియాలజీ డిగ్రీల్లో ఇది తరచూ చూస్తున్నదే. సైకాలజీలో పిల్లలు ఎదురుపడే అవకాశం మెరుగు, కానీ ఎక్కువగా పది, పదిహేను నిమిషాల పరీక్ష మేరకే.

పిల్లలకు అంత తెలుస్తుందా అని పెదవి విరిచేవాళ్లుంటారు. బ్రిటిష్ పరిశోధకురాలు ప్రిసిల్లా ఆల్డర్‌సన్ 8 నుంచి 15 ఏళ్ల పిల్లల్ని వాళ్లకు జరగబోయే ఎముకల ఆపరేషన్ల గురించి అడిగి 1993లో ఫలితాలు ప్రచురించింది. జబ్బుతో ఏళ్ల తరబడి సహవాసం చేసిన పిల్లలు తమ చికిత్సను ఎంత లోతుగా అర్థం చేసుకుంటారో అందులో కనిపిస్తుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని అంటుంది. అది ఆచరణలో ఎలా ఉంటుందో ఇలాంటి పరిశోధనలే చూపిస్తాయి.

కాబట్టి చేరేముందు డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టి ఒకటే అడగండి: గత రెండు మూడేళ్లలో డిగ్రీ విద్యార్థులు రాసిన డిసర్టేషన్ల పేర్లు పంపగలరా? అందులో పిల్లలతో నేరుగా చేసినవి ఎన్నో చూసుకోండి. ర్యాంకింగుల కంటే ఆ జాబితా ఎక్కువ చెబుతుంది. చైల్డ్‌హుడ్ స్టడీస్ అని బోర్డు కట్టిన ప్రతిచోటా ఇది ఉంటుందని కాదు. ఎడ్యుకేషన్ నుంచి రెండు పేపర్లు, లా నుంచి ఒకటి, సైకాలజీ నుంచి ఒకటి తెచ్చి ఒక్క పేరు కింద కట్టేసిన కోర్సులూ ఉన్నాయి. పిల్లలతో పరిశోధన పద్ధతుల మీద సొంత పేపరు లేకపోతే దాన్ని వదిలేయండి, సోషియాలజీయే నయం.

సైకాలజీ వైపు బలాలు తక్కువేం కావు. స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్పుతారు, అది ఎక్కడికెళ్లినా అక్కరకొస్తుంది. ప్రయోగశాల అంటే లోకం తెలియని గది అని తీసిపారేయడం కూడా అన్యాయం. తల్లి కాసేపు గది వదిలివెళ్లినప్పుడు పసిపిల్ల ఎలా ప్రవర్తిస్తుందో చూసే మేరీ ఐన్స్‌వర్త్ ప్రయోగం ప్రసిద్ధం. దానికి ముందు ఆవిడ యుగాండాలో ఇళ్లకు వెళ్లి తల్లుల్ని, బిడ్డల్ని చూస్తూ గడిపింది. ఆ ప్రయోగాన్నే జపాన్‌లో చేస్తే, తల్లిని విడిచి ఉండే అలవాటు అంతగా లేని పిల్లలు మరీ ఎక్కువగా తల్లడిల్లారు. ఆ తల్లడింపును బిడ్డ గుణంగా లెక్కించాలా, పెంపకపు తీరుగా చూడాలా అన్న చర్చ సైకాలజిస్టులలోనే నడిచింది. ఇక లైసెన్సు సంగతి. సైకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు ఈ వ్యాసంతో పనే లేదు, గుర్తింపు ఉన్న సైకాలజీ డిగ్రీలో చేరండి. చైల్డ్‌హుడ్ స్టడీస్ డిగ్రీతో ఆ లైసెన్సు రాదు. బాలల హక్కుల సంస్థలు, విధాన పరిశోధన, యువజన కార్యక్రమాలు, పెద్ద సర్వేలు, ఇవీ దాని దారులు.

సర్వేల్లో అయితే రెండు శాఖలూ కలిసే పని చేస్తాయి. ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాంలలో దాదాపు 12,000 మంది పిల్లల్ని 2002 నుంచి వెంబడిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనంలో ఎత్తు, బరువు, పరీక్షలతో పాటు పిల్లల మాటలూ ఉన్నాయి.

మీ ఆసక్తి చిన్నపిల్లల మీద కాకుండా పదిహేను దాటిన కుర్రకారు మీద ఉంటే నా ఓటు చైల్డ్‌హుడ్ స్టడీస్ నుంచి సోషియాలజీకి మారుతుంది. యువత విషయంలో సోషియాలజీ ఆస్తి పెద్దది. తరాల గురించి సోషియాలజిస్టు కార్ల్ మాన్‌హైమ్ 1928లోనే రాశాడు. ఇంగ్లండ్‌లో 1964లో మొదలైన బర్మింగ్‌హామ్ సాంస్కృతిక అధ్యయన కేంద్రం కుర్రవాళ్ల బట్టలు, సంగీతం, ముఠాల్లో వర్గ రాజకీయాలు చదివింది. ఆ కేంద్రం నుంచే వచ్చిన పాల్ విల్లిస్, బడిని లెక్కచేయని కార్మిక కుటుంబాల అబ్బాయిలు పన్నెండు మందితో తిరిగి, వాళ్ల ఎదురుతిరుగుడే వాళ్లను మళ్లీ కార్మిక పనుల్లోకి ఎలా చేరుస్తుందో 1977లో చూపించాడు. అందులో అమ్మాయిలు ఏరీ అని అప్పట్లోనే అడిగినవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్నే. ఈ వయసువాళ్లతో అనుమతుల తంటా కూడా తక్కువ.

ఎడ్యుకేషన్, సోషల్ వర్క్, శిశు సంరక్షణ కోర్సుల గురించీ అడుగుతుంటారు. టీచరో, సోషల్ వర్కరో కావాలని ముందే నిశ్చయించుకుంటే అవే చదవండి. లేకుంటే అక్కర్లేదు.

ఇప్పటికీ ఎటూ తేలనివాళ్లు తర్వాతి చదువు కోణం నుంచి చూడండి. సైకాలజీ, సోషియాలజీ, ఆంత్రొపాలజీ, ఏది చేసినా పీజీలో చైల్డ్‌హుడ్ స్టడీస్‌కు రావడం కష్టం కాదు. చైల్డ్‌హుడ్ స్టడీస్ డిగ్రీ చేసి సైకాలజీ పీజీకి వెళ్లాలంటే మాత్రం స్టాటిస్టిక్స్, ప్రయోగ పద్ధతుల పేపర్లు ముందే ఉండాలని చాలాచోట్ల అడుగుతారు. ఆ ఆలోచన ఏ మూలైనా ఉంటే, ఎలెక్టివ్‌లు ఎంచుకునేటప్పుడే ఆ రెండూ తీసేసుకోండి.