పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కొంటున్నారా? ముందు ఇన్సూరెన్స్ పాలసీలో ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ఎంతుందో చూడండి

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా ఆర్‌ఎస్ కోసం తిరుగుతున్నవాళ్ళు టోకెన్ కట్టే ముందు ఇది చదవండి. నేను కట్టేశాను, మొత్తం 18.5 లక్షలు పోశాను, ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నాను.

2025 అక్టోబర్‌లో కొత్త ఆర్‌ఎస్ వచ్చింది కదా, దేశం మొత్తానికి వంద బళ్ళు, ఎక్స్‌షోరూమ్ 49.99 లక్షలు, బుకింగ్ తెరిచిన కాసేపటికే ఖాళీ. దొరికినా నేను కొనగలిగేది కాదనుకోండి. కానీ ఆ వార్తలు చూసీ చూసీ, పాతదైనా ఒకటి ఇంటి ముందు ఉండాలని పురుగు తొలిచేసింది. 2017లో వచ్చిన 230 పీఎస్ మోడల్ వెతుకుతుంటే ఒక డీలర్ దగ్గర 2018ది తగిలింది. నీలం రంగు, ఏపీ 16 (విజయవాడ వైపు) నంబర్, 41 వేల కిలోమీటర్లు. "డాక్టర్ గారి బండి సార్, సింగిల్ ఓనర్, ఆదివారం తప్ప బయటికి తీయరు" అన్నాడు. పెయింట్ అద్దంలా ఉంది. స్టార్ట్ చేసి ఎక్సాస్ట్ సౌండ్ విన్నాక ఇంక నాకు వేరే ఏదీ వినపడలేదు.

మూడు వారాలు రాజాలా నడిచింది. ఒకరోజు ఓఆర్‌ఆర్ మీద శంషాబాద్ దాటాక డ్యాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ ఒకేసారి వెలిగి, గేర్ ఒక్కదాంట్లోనే ఇరుక్కుపోయింది. టో చేయించి తెలిసిన మెకానిక్ దగ్గర పడేశాను. అతను స్కానర్ పెట్టకముందే డ్రైవర్ సీటు కిందకి టార్చ్ కొట్టి, అక్కడుండే పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. "అన్నా, ఇది నీళ్ళల్లో మునిగిన బండి" అన్నాడు. కార్పెట్ లేపితే అడుగున వేలితో గీస్తే గీత పడేంత ఒండ్రు, పొడి పొడిగా ఎండిపోయి. ముందు సీటు బెల్టులు కొత్తవి వేశారు, వెనక మధ్య బెల్టు మాత్రం మర్చిపోయినట్టున్నారు, దాన్ని చివరిదాకా లాగితే గోధుమరంగు నీటి గీత. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. మీటర్ ఒక్కటి తిప్పలేదు, ఆ మాత్రం నిజాయితీ ఉంది మరి.

పాలసీ కాపీ మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే ఆర్‌సీ ఓనర్ ఎత్తారు. పెద్దాయన, డాక్టర్ కూడా కాదు. "బాబూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మూడు రోజులు మునిగే ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ అన్నారు, డబ్బులిచ్చి తీసుకుపోయారు. ఇంకా నా పేరు మీదే తిరుగుతోందా?" అని ఆయనే కంగారు పడ్డారు. మునిగిన బండిని సాల్వేజ్ (తుక్కు) కింద ఎవరో కొనడం, కడిగి తుడిచి పేరు మార్చకుండానే పక్క రాష్ట్రంలో అమ్మేయడం, జరిగింది ఇంతే.

నాకు మండేది ఇంకోటి. ఈ సంగతి కొనే రోజే నా చేతిలో ఉన్న కాగితంలో ఉంది. క్లెయిమ్ లేకుండా ఐదేళ్ళు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం ఉంటుంది. 2018 నుంచి ఒకే ఓనర్, గీత కూడా పడలేదు అంటున్న బండి పాలసీలో అది సున్నా, అంటే క్లెయిమ్ ఏదో జరిగి ఉండొచ్చన్నమాట. చూశాను, డీలర్‌ని అడిగాను కూడా. "పాలసీ లాప్స్ అయింది సార్, అందుకే పోయింది" అన్నాడు. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యూ చేయకపోతే బోనస్ పోయే మాట నిజమే కాబట్టి నమ్మేశాను. పాత పాలసీలు కూడా చూపించమని ఒక్కమాట అని ఉంటే అక్కడే తేలిపోయేది. మీరు అడగండి, నసిగితే లేచి వచ్చేయండి.

డీలర్ దగ్గరికి వెళ్తే డెలివరీ నోట్ తీసి చూపించాడు, "ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను" అని కింద నా సంతకం. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద పాత ఓనర్ సంతకాలు ముందే ఉన్నాయి, డీలర్ పేరు ఎక్కడా లేదు. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ళు అమ్మే డీలర్లకి ఆర్‌టీఏ ఆథరైజేషన్ ఉండాలి, ఇతనికి అది లేదు, నేను అడగనూ లేదు. డబ్బు ఆన్‌లైన్‌లో పంపాను కాబట్టి ఆ రుజువు పట్టుకుని జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తున్నాను. మీరూ క్యాష్ మాత్రం ఇవ్వకండి, రేటు తగ్గిస్తానన్నా సరే.

బండి తప్పేం లేదు, మంచిది దొరికితే ఇప్పటికీ కొనుక్కోదగ్గదే. నాది మాత్రం సీట్లు ఊడదీసి షెడ్‌లో ఉంది, వైరింగ్, గేర్‌బాక్స్ కలిపి ఆరు లక్షల పైనే అంటున్నారు. నిన్న అదే డీలర్ ఇంకో యాడ్ పెట్టాడు. తెల్ల బండి, ఇదీ ఏపీ 16, ఈసారి లాయర్ గారిదట.