తిరుపతిలో పాత సింథసైజర్ కొంటున్నారా? వీడియో చూసి దుడ్లు పంపకండి

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య పాత యమహా, రోలాండ్ కీబోర్డులు "కండిషన్ సూపర్, ఆర్కెస్ట్రా వాళ్లది" అంటూ వరసగా అమ్మకానికి వస్తున్నాయి. చాలావరకు పెట్టేది ఒక్కడే. సరుకు చెన్నైలో ఉందంటాడు, వీడియో పంపుతాడు, సగం దుడ్లు ముందే ఫోన్‌పే చేయమంటాడు. నేను 32,000 ఇచ్చి అతని దగ్గర తీసుకున్నది 1983లో వచ్చిన యమహా డీఎక్స్7, మొదటి మోడల్.

పాత వీడియో గేముల సంగీతాన్ని ఆ కాలపు కీబోర్డుల మీద మళ్లీ కట్టడం నా సరదా. సెగా వాళ్ల పాత గేమ్ పెట్టె మెగాడ్రైవ్ లోపల ప్రధానంగా పాడేది యమహా వాళ్ల వైఎం2612 చిప్పే. ఎఫ్ఎం పద్ధతి, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని వంచి శబ్దం పుట్టించడం. ఆరు ఛానళ్లు, ఛానల్‌కు నాలుగు ఆపరేటర్లు (ఆ తరంగాలు పుట్టించే భాగాలు). డీఎక్స్7దీ అదే పద్ధతి, కాకపోతే ఆపరేటర్లు ఆరు. అందుకే 1991 నాటి సోనిక్ గేము మొదటి స్టేజి బేసు దీనిమీద వాయిస్తే పరాయి గొంతులా ఉండదు. ఒక చిక్కుంది, ఇది ఒకసారికి ఒక్క టోనే, అంటే ఒక్క రకం వాయిద్యం శబ్దమే, పలుకుతుంది. బేసు, బెల్, బ్రాస్ అన్నీ విడివిడిగా రికార్డు చేసుకోవాలి. దేనికదే టోను తయారుచేసి లోపలున్న 32 మెమరీల్లో దాచుకోవాలి. స్విచ్ ఆపాక ఆ మెమరీని కాపాడేది బోర్డు మీదున్న చిన్న బిళ్ల బ్యాటరీ. అంటే ఈ పనికి పెట్టె మెరుపు కాదు, లోపలి ఆరోగ్యం ముఖ్యం.

ముందు ఆ వీడియో సంగతి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఎలక్ట్రిక్ పియానో ఎడమ చెవి నుంచి కుడి చెవికి తిరుగుతూ ఉంటుంది, వెనకాల గుడి మంటపంలో వాయించినంత రెవెర్బ్ (ప్రతిధ్వని). మొదటి డీఎక్స్7కి అవుట్‌పుట్ ఒక్కటే, మోనో. లోపల రెవెర్బ్ లేదు, శబ్దాన్ని చిక్కగా చేసే కోరస్ లేదు. బయట ఎఫెక్ట్ తగిలించాం అంటారా, సరే అనుకుందాం. కానీ టోను నంబరు చూపించే ఎర్ర అంకె 11 దగ్గరే కదలకుండా ఉంటే, పియానో ఆగి బ్రాస్ ఎలా మొదలైంది? డెక్సెడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లో అచ్చం డీఎక్స్7 శబ్దమే తీయొచ్చు. కీబోర్డు బొమ్మ ఒకటి, శబ్దం ఇంకొకటి. రెండూ కలిపి అతికించిన వీడియో అది.

ఇక పెట్టె. వెనక కరెంటు వివరాలు ఉండే చోట "230" అని ప్రింటు తీసిన స్టిక్కరు. ప్లగ్గు మాత్రం రెండు చదును పిన్నులది, దానికి మన సాకెట్టుకు సరిపడే కన్వర్టరు తొడిగి ఇచ్చాడు. అనుమానం వచ్చి స్టిక్కరు పీకితే కింద 100 వోల్టులని ఉంది. జపాన్‌లో అమ్మిన పీసు అన్నమాట. కన్వర్టర్ ప్లగ్గు పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజి తగ్గించదు. నేరుగా పెట్టుంటే ట్రాన్స్‌ఫార్మరు అక్కడికక్కడే కాలిపోయేది. 100 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించాకే ఆన్ చేశాను.

ఆన్ చేస్తే తెర మీద చెత్త అక్షరాలు. ఫంక్షన్ మీట నొక్కి 14 నొక్కితే బ్యాటరీ వోల్టేజి కనిపిస్తుంది, మూడు దగ్గర ఉండాలి. నాదాంట్లో ఒకటి కూడా లేదు. టోన్లన్నీ ఎగిరిపోయాయి. దీనికి అంతగా బాధ లేదు, నలభై ఏళ్ల సరుకులో బ్యాటరీ పోవడం మామూలే, మార్చి టోన్లను కంప్యూటర్ నుంచి మిడి కేబుల్ ద్వారా మళ్లీ ఎక్కించుకోవచ్చు. నడిమి కీలు కొన్ని మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినట్టే అరుస్తాయి. ఎఫ్ఎంలో నొక్కుడును బట్టి శబ్దం పదును కూడా మారుతుంది కాబట్టి బేసు వరసలో అవి పంటి కింద రాళ్లే. అదీ శుభ్రం చేసుకోవచ్చేమో. స్టిక్కరు మాత్రం పాతబడి దానంతటది రాలేదు, ఎవరో అతికించారు. అది క్షమించేది కాదు.

అడిగితే ఏమన్నాడంటే, "పాత సరుకు సామీ, పాత సరుకంటే ఇట్నే ఉంటాది. వీడియో సూపించినాను గదా." డబ్బు వాపసు మాట ఎత్తగానే బ్లాక్.

ఇప్పుడిది రాయడానికి కారణం, అదే గ్రూపుల్లో అతను రోలాండ్ జూనో-106 పెట్టాడు. 1984 నాటిది, మంచి వాయిద్యం, సందేహం లేదు. అయితే దాని ఆరు వాయిస్‌లకు, అంటే ఒకేసారి పలికే ఆరు స్వరాలకు, ఆరు చిప్పులుంటాయి, అవి ఒక్కొక్కటిగా చచ్చిపోవడం ఈ మోడల్‌కు పేరుమోసిన జబ్బు. ఎదురుగా కూర్చుని పాలీ 1 మోడ్‌లో (నొక్కిన ప్రతిసారీ తర్వాతి చిప్పు పలికే పద్ధతి) ఒకే కీని వరసగా నొక్కుతూ పోండి. ప్రతి ఆరింటిలో ఒకటి పలక్కపోయినా, గరగరమన్నా ఒక చిప్పు పోయినట్టే. ఇంకా వీడియోనే చూపిస్తానంటే లైవ్ కాల్ అడగండి. మీరు చెప్పిన కీ, మీరు చెప్పిన టోను నంబరు అప్పటికప్పుడు నొక్కించండి. వెనక లేబుల్ మీద గోరుతో గీకి చూపించమనండి. వీటిల్లో దేనికి వంక పెట్టినా అడ్వాన్సు మాట మర్చిపోండి.

జూనోకి ఇప్పటికే అడ్వాన్సు కొట్టినవాళ్లు ఉంటే చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, ఆ వీడియో ఫైలు చెరపకుండా ఉంచుకోండి. సైబర్ ఫిర్యాదుకు 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది. నా డీఎక్స్7 వీడియో, స్టిక్కరు పీకకముందు పీకిన తర్వాత ఫోటోలు నా దగ్గరున్నాయి. ఫిర్యాదుకు జత చేయాలంటే అడగండి, పంపుతాను.