జాగ్రత్త: ‘90 రోజుల్లో 15 కిలోలు, తగ్గకపోతే డబ్బు వాపస్’

బరువు తగ్గించే సెంటర్లో చేరదామని చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి. నాకు పోయింది డబ్బొక్కటే అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు.

సెంటరు పేరు రాయడం లేదు. వినియోగదారుల కమిషన్‌లో నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా నాకు జరిగింది చెబితే కాకినాడలో ఒకావిడ, హైదరాబాద్‌లో మా పిన్నిగారి అమ్మాయి కూడా ఇలాంటి కథే చెప్పారు. వాళ్ళు వెళ్ళిన బోర్డులు వేరు. పద్ధతి మాత్రం ఇదే.

మాది రాజమండ్రి. నా వయసు 44, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. సంక్రాంతికి అరిసెలూ జంతికలూ అయ్యాక తూకం చూసుకుంటే 78 కిలోలు. మెట్లెక్కితే ఆయాసం. సరిగ్గా అప్పుడే మా తోడికోడలు ఫోన్ చేసి, “నేను రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను, నువ్వూ రా” అంది. ఇంట్లో మనిషి చెప్పింది కదా అని ఇంకేమీ ఆలోచించలేదు. ఆవిడ పేరు చెప్పి చేరితే ఆవిడకు ఒక నెల పొడి డబ్బాలు ఉచితమట. ఆ సంగతి తర్వాత తెలిసింది. పాపం, ఆవిడా నమ్మే చెప్పింది, అది వేరే విషయం.

బయట బోర్డు మీద ‘మంచి తిండి, మంచి వ్యాయామం, మందులు లేవు’ అని ఉంది. నన్ను లాగింది ఆ మాటే. లోపలికి వెళ్ళగానే చెప్పులు విప్పించి ఒక మిషన్ ఎక్కించారు. చిన్న చీటీ వచ్చింది. నా ‘శరీర వయసు’ 61 ఏళ్ళట! అది చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మిషన్ చేసేది కాళ్ళలోంచి సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీరు ఎంతుందో బట్టి కొవ్వును అంచనా కట్టడం. రెండు గ్లాసుల నీళ్ళు తాగినా, ఉప్పు ఎక్కువైనా అంకె మారుతుంది. ఇది నాకు డబ్బు కట్టిన మూడు నెలలకు తెలిసింది.

ఇంకో తమాషా చూడండి. మొదటి తూకం మధ్యాహ్నం రెండింటికి, భోంచేసి వెళ్ళినప్పుడు, చీరా గాజులతో సహా తీశారు. 79.4 వచ్చింది. వారం తర్వాత తూకానికి పొద్దున ఆరున్నరకు, పరగడుపున, పల్చటి డ్రెస్‌లో రమ్మన్నారు. 75.9. మూడున్నర కిలోలు! అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు, గ్రూపులో పెట్టారు. అందులో కిలోన్నర చీరదీ భోజనానిదీ. మిగతాది ఎక్కువగా నీరు. అన్నం ఒక్కసారిగా తగ్గించేస్తే కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న పిండి పదార్థం ఖర్చవుతుంది. అది గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ నీరూ పోతుంది. మళ్ళీ మామూలుగా తింటే రెండు రోజుల్లో తిరిగొస్తుంది. మొదటి వారం తూకాన్ని చూసి ఎవరినీ చేర్పించకండి. నేను ఆ ఫొటో చూపించి మా ఆఫీసులో ఇద్దరిని చేర్పించబోయాను. వాళ్ళు తెలివైనవాళ్ళు, రాలేదు.

ప్యాకేజీ 48,000 రూపాయలు. “అంత ఒక్కసారి కట్టలేనండీ” అంటే, “కట్టక్కర్లేదు మేడమ్, నెలకు 4,000, వడ్డీ లేదు” అన్నారు. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ, రెండు ఓటీపీలు. కాఫీ తాగేలోగా అయిపోయింది. నేను సెంటరుకు వాయిదాల్లో కడుతున్నానని అనుకున్నాను. అసలు జరిగింది వేరు. ఒక ఫైనాన్స్ కంపెనీలో నా పేరు మీద లోన్ తెరిచారు, ఆ డబ్బు సెంటరు ఖాతాలో పడిపోయింది, నా బ్యాంకు ఖాతా నుంచి ప్రతి నెలా 5వ తేదీన కోసుకోవడానికి నేనే ఓటీపీతో అనుమతి ఇచ్చేశాను. నేను సెంటరుకు వెళ్ళినా మానేసినా వాళ్ళకు పోయేదేమీ లేదు. మూడో నెల తర్వాత గొడవపెట్టుకుని ఖాతాలో డబ్బు లేకుండా చేస్తే బౌన్స్ చార్జీలు పడ్డాయి, అప్పులు సరిగ్గా కడతామా లేదా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతింది. సెంటరువాళ్ళేమో “లోన్ సంగతి మాకు తెలీదు మేడమ్, ఫైనాన్స్ వాళ్ళతో మాట్లాడుకోండి” అన్నారు. ఫైనాన్స్ వాళ్ళు “మీ సెంటరుతో తేల్చుకోండి” అన్నారు.

ఓటీపీ చెప్పేశాక భయం పట్టుకున్నవాళ్ళకు ఒక మాట. ఇలాంటి డిజిటల్ లోన్లలో మనసు మార్చుకోవడానికి కొంత గడువు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా లోన్ మూసేయవచ్చు. ఎన్ని రోజులన్నది లోన్‌తో పాటు వచ్చే, షరతులన్నీ క్లుప్తంగా రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితంలో ఉంటుంది. నాకూ ఆ కాగితం మెయిల్‌లో వచ్చింది. నేను తెరిచింది ఐదో నెలలో.

ఇక తిండి. ‘మంచి తిండి’ అంటే పొద్దున ఒక షేక్, రాత్రి ఒక షేక్, మధ్యాహ్నం ఒక చపాతీ, ఇంత కూర. పొడి డబ్బాలు ప్యాకేజీలో లేవు. నెలకు రెండు, ఒక్కోటి 2,800. వ్యాయామం అంటే ఒక కుర్రాడు పాటలు పెట్టి ఇరవై నిమిషాలు గెంతించడం, అది కూడా మొదటి నెలే.

ఆ 15 కిలోల లెక్క నేను ముందే వేసుకుని ఉండాల్సింది, రోజూ అంకెలతో బతికేదాన్ని కదా. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. 15 కిలోలకు లక్షా పదిహేను వేల పైచిలుకు. 90 రోజులకు పంచితే రోజుకు దాదాపు 1,280. నాలాగా కూర్చుని పనిచేసే, నా ఎత్తు ఉన్న మనిషికి రోజు మొత్తం మీద ఖర్చయ్యేదే 1,800 అటూ ఇటూ. అంటే మూడు నెలలు రోజుకు ఐదొందల క్యాలరీలతో బతకాలి. డాక్టరు పర్యవేక్షణ లేకుండా అలా తింటే ఏమవుతుందో నా దువ్వెన చెప్పింది. మూడో నెలలో గుప్పెళ్ళకొద్దీ జుట్టు ఊడింది. కళ్ళు తిరిగి ఒకరోజు ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను. అడిగితే, “ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి మేడమ్, మంచి సూచన” అన్నాడు కోచ్. బరువు తగ్గితే వాళ్ళ పొడి గొప్ప, జుట్టు ఊడితే నా ఒంట్లో విషం!

ఇప్పుడు అసలు విషయం. చేరిన రోజే నా థైరాయిడ్ మాత్ర గురించి చెప్పాను. ఫారంలో రాశారు కూడా. “మాత్ర వేసుకుని వెంటనే షేక్ తాగేయండి, కడుపులో మంట రాదు” అన్నాడు కోచ్. 90 రోజులు అలాగే చేశాను. నాలుగో నెలలో నీరసం, ముఖం ఉబ్బు, మాటలో బొంగురు. మా డాక్టరుగారి దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే పెరిగే అంకె) 11.6. అంతకు ముందు 3 దగ్గర ఉండేది. ఆయన డబ్బా తెమ్మని లేబుల్ చదివారు. సోయా ప్రొటీన్, కాల్షియం, ఐరన్. ఈ మూడూ థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టకుండా చేసేవే. ఆ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. కాల్షియం, ఐరన్ ఉన్నవైతే నాలుగు గంటల దూరం ఉండాలి. అంటే మూడు నెలలు మాత్ర మింగుతూనే, సగం మాత్ర మానేసినదానితో సమానంగా ఉన్నాను. థైరాయిడ్ తగ్గితే బరువు పెరుగుతుంది, జుట్టు ఊడుతుంది. బరువు తగ్గడానికి డబ్బు కట్టి, బరువు పెంచే పని రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే చేసుకున్నాను.

ఆ కోచ్ ఎవరని ఆరా తీస్తే, ఏడాది కిందట అదే సెంటర్లో చేరి బరువు తగ్గిన అబ్బాయి. పోషకాహారం చదవలేదు. రెండు రోజుల ట్రైనింగ్ అట. తెల్ల కోటు వేసుకుంటాడు. మెడలో స్టెతస్కోపు ఒక్కటే తక్కువ.

మా తోడికోడలికి వాళ్ళు క్యాప్సూల్స్ కూడా ఇచ్చారు, ‘కొవ్వు కరిగించే మూలికలు’ అని. తెల్ల డబ్బా. తయారుచేసినవాళ్ళ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్స్ నంబరు లేదు. అవి వేసుకున్న వారంలో ఆకలి చచ్చిపోయింది, నోరెండిపోవడం, గుండె దడ, రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం. డాక్టరుగారు వెంటనే ఆపించారు. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి మందుల్లో సిబుట్రమైన్ అనే రసాయనం కలపడం చాలా దేశాల్లో పట్టుబడిందట. గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల మన దేశంలో దాన్ని 2011లోనే నిషేధించారు. ఆ డబ్బాలో అదే ఉందని నేను అనడం లేదు, పరీక్ష చేయించలేదు. పేరూ ఊరూ లేని మాత్రను మాత్రం ఎవరు ఇచ్చినా నోట్లో వేసుకోకండి. స్థూలకాయం తగ్గిస్తుందని మందుకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా గోడల నిండా అవే.

షేక్ డబ్బా మీద మాత్రం ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉంది. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కొట్టి చూశాను, అసలైనదే. ఆ నంబరు ఉంటే తయారీదారుకు లైసెన్స్ ఉందని అర్థం, బరువు తగ్గిస్తుందని కాదు. అదే డబ్బా మీద చిన్న అక్షరాల్లో ‘వైద్య అవసరాలకు కాదు’ అని ఇంగ్లీషులో ఉంది. వాళ్ళు నాకు చెప్పిన మాటలన్నీ వైద్యం మాటలే.

మరి ‘డబ్బు వాపస్’ సంగతి? 90వ రోజున 73.8 ఉన్నాను. ఇంటి తూకంతో లెక్కేస్తే నాలుగు కిలోలు, వాళ్ళ మొదటి తూకంతో చూసినా ఐదున్నర. 15 ఎక్కడ! వాపస్ అడిగితే ఫారం నాలుగో పేజీ చూపించారు. రోజుకు ఐదు పూటలా తిండి ఫొటోలు పంపాలి, ఒక్క రోజు తప్పినా హామీ చెల్లదు. నేను తప్పిన రోజు ఒకటే, మా మామగారి తద్దినం. ఆ రోజు మడి కట్టుకుని వంట చేశాను, భోక్తలు లేచాక తిన్నాను. పితృదేవతలకు పెట్టిన గారెలు ఫొటో తీసి కోచ్‌కి పంపడమేంటండీ? మా ఆయన అదే అడిగితే, “రూల్ రూలే సార్” అన్నాడు మేనేజరు. 48,000 ఆ గారెల ఖాతాలో పోయాయి.

చివరికి చేసిందేమిటంటే, ముందు వాట్సాప్ మెసేజ్‌లు, ఫారం, లోన్ కాగితాలు, రక్తపరీక్ష రిపోర్టులు అన్నీ దాచాను. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలుగులోనే చెప్పాను. ఫిర్యాదు నంబరు వచ్చిన తొమ్మిది రోజులకు సెంటరు నుంచి ఫోన్, విప్పని డబ్బాలకూ మరికొంతకూ కలిపి 14,000 ఇస్తామని. “పూర్తిగా సెటిల్ అయింది” అని సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. జిల్లా కమిషన్‌లో వేశాను. ఐదు లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, మనం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా కుదురుతుంది. లోన్ విషయమైతే ముందు ఫైనాన్స్ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఈలోగా వాయిదాలు ఆపకండి. నేను ఆపి చెడ్డాను.

“మరి ఇప్పుడేం చేస్తున్నారు” అని అడుగుతారు కనుక అదీ చెబుతాను. మా డాక్టరుగారు ఆసుపత్రిలోని డైటీషియన్ దగ్గరికి పంపారు. ఒక్కసారికి 400. ఆవిడ మొదట అడిగింది నేను ఏ మందులు, ఏ టైముకు వేసుకుంటానని. సెంటర్లో ఎవరూ అడగని ప్రశ్న అదొక్కటే. డబ్బా ఏదీ అమ్మలేదు. అన్నం గరిటెతో కాకుండా కప్పుతో కొలుచుకోమన్నారు. పళ్ళెంలో సగం బీరకాయో సొరకాయో తోటకూరో, పప్పు చిక్కగా, రోజూ ఒక గుడ్డు, మజ్జిగ. ఉప్మా పెసరట్టులో ఉప్మా తీసేయమన్నారు. రాజమండ్రి మనిషిని కదా, రోజ్ మిల్క్ నెలకు ఒకసారికి బేరమాడి ఒప్పించుకున్నాను. ఆవకాయ మానమనలేదు, అందులో నూనెతో అన్నం కలపడం మానమన్నారు. సాయంత్రం గోదావరి గట్టు మీద నలభై నిమిషాలు నడక, వారానికి రెండు రోజులు నీళ్ళ సీసాలతో చేతులకు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం కాళ్ళకు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఆవిడ చెప్పినదాంట్లో చాలా భాగం అందులో ఉంది. వారానికి అరకిలో తగ్గితే చాలన్నారు, నాకు అంత కూడా తగ్గడం లేదు. సెంటరు మానేశాక మళ్ళీ 77కి వెళ్ళాను, ఏడు నెలల్లో 71.5కి వచ్చాను. టీఎస్‌హెచ్ 2.8.

మీరు వెళ్ళబోయే చోట ఈ మూడు అడిగి చూడండి. డైట్ రాసేవారి చదువేమిటి? డబ్బు నెలనెలా సెంటరుకే కట్టొచ్చా, లోన్ తప్పనిసరా? ఒప్పందం కాపీ ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని రేపు సంతకం పెట్టొచ్చా? మూడోదానికి “ఆఫర్ ఈ రోజుతో అయిపోతుంది మేడమ్” అంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి. మిషన్ ఎక్కడానికి ఎలాగూ విప్పే ఉంటారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ఉంటే, వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ళ లోపు కమిషన్‌లో వేయాలి. రసీదు లేదని వదిలేయకండి, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా సాక్ష్యంగా పెట్టొచ్చు. నా కేసు వచ్చే నెల వాయిదా ఉంది, ఏమైందో ఇక్కడే రాస్తాను.