లిబ్రే ప్రో సెన్సార్: 14 రోజుల రిపోర్టుతో షుగర్ క్లినిక్‌ను కొలవొచ్చా?

తిరుపతిలో ఏ షుగర్ క్లినిక్ మంచిదని అడిగితే, ఎక్కువమంది చూసేది హెచ్‌బీఏ1సీ తగ్గిందా లేదా అనే. అది రక్తంలో షుగరుకు మూడు నెలల సగటు. మధ్యాహ్నం 260, తెల్లవారుజామున 52 ఉన్నవాళ్లకూ సగటు ముచ్చటగానే వస్తుంది. పైగా ఐరన్ లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. లిబ్రే ప్రో పనికొచ్చేది ఇక్కడే.

బిళ్లలాంటి ఈ సెన్సార్‌ను జబ్బ వెనక అంటిస్తారు. చర్మం కింది ద్రవంలో గ్లూకోజును 15 నిమిషాలకోసారి, అంటే రోజుకు 96 సార్లు నమోదు చేస్తుంది. అంకెలు రోగికి కనబడవు, క్లినిక్‌లో రీడరు పెట్టి దించుకోవాలి. కొలతకు ఇదే మేలు: అంకె చూసి ఆ పూట అన్నం తగ్గించడం ఉండదు. కానీ తరచూ లో షుగర్ వచ్చేవాళ్లకు ఇది సరిపడదు, అలారం లేదు. వాళ్లకు అంకె కనబడే రకమే కావాలి.

రిపోర్టు చేతికొచ్చాక ముందు కింది గీత చూడాలి. షుగరు 70కి దిగువన గడిపిన సమయం 4 శాతం లోపు, అంటే రోజుకు గంట లోపు. 54కి దిగువన 1 శాతం లోపు. ఆ తర్వాతే 70–180 మధ్య సమయం: 70 శాతం దాటాలి, దాదాపు 17 గంటలు. ఇవి 2019లో షుగరు నిపుణుల అంతర్జాతీయ ఏకాభిప్రాయంలోని లక్ష్యాలు. పెద్ద వయసువాళ్లకు, లో షుగర్ ముప్పు ఎక్కువున్నవాళ్లకు 50 శాతం దాటితే చాలు, కానీ 70 దిగువన 1 శాతమే ఒప్పుకోవాలి. ఎనభై ఏళ్ల పెద్దాయనకు 85 శాతం తెప్పించామని మురిసే క్లినిక్‌ను కాస్త అనుమానంగానే చూడండి.

రిపోర్టు చెడేదెక్కడ? ఎండాకాలం చెమటకు అంచు లేస్తుంది. ఆ చేతి వైపు పడుకుంటే ఒత్తిడికి రాత్రి దొంగ లో షుగర్ కనబడుతుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మోతాదులో మింగితే అంకె పెరుగుతుంది. మొదటి రోజు రీడింగులు అంత నమ్మకమైనవి కావు. 14 రోజుల్లో 70 శాతం డేటా లేకపోతే ఆ శాతాలను లెక్కలోకి తీసుకోకూడదు. డైరీ లేని గ్రాఫు సగం మూగది: షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కిన రోజు పడిన గుంటకూ, సంగటి తిని మధ్యాహ్నం కునుకు తీసినప్పటి గుట్టకూ కారణం రాసి ఉంటేనే మందు మార్చగలరు.

ఇక క్లినిక్ లెక్క. రోగులందరి సగటు శాతం పోల్చడం అన్యాయం. ఇన్సులిన్ మీద పదిహేనేళ్లు గడిచిన కేసులు తీసుకునేవాళ్లు వెనకబడతారు, కొత్త కేసులే చూసేవాళ్లు ముందుంటారు. పైగా సెన్సార్ కొనగలిగినవాళ్లే లెక్కలోకి వస్తారు. అందుకే అదే మనిషికి రెండు రిపోర్టులు కావాలి, మందు మార్చక ముందొకటి, మార్చాక ఒకటి. 70–180 మధ్య సమయం 5 శాతం పెరిగినా, అంటే 72 నిమిషాలు, లెక్కకొచ్చే మార్పే, 70 దిగువ సమయం పెరగకుండా వస్తే. రెండో రిపోర్టు తీయని చోట మొదటిది పటం కట్టి గోడకు తగిలించుకోవడానికే. అంటించే ముందే రెండోది ఎప్పుడో అడగండి.